మావయ్య ఫోన్‌లో మాత్రం నంబర్ వన్!

"ఒరేయ్, గూగుల్లో మనం నంబర్ వన్ వచ్చేశాం!"

మంగళవారం మధ్యాహ్నం, టీమ్ మీటింగ్ నడుస్తుండగా మావయ్య ఫోన్. వెనకాలే వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్. 'కాఫీ నియర్ మీ' అని కొడితే మావయ్య కేఫ్ అన్నిటికన్నా పైన ఉంది. నాకెందుకో డౌటొచ్చింది. గచ్చిబౌలిలో మా ఆఫీసు కుర్చీలోంచి 'కాఫీ షాప్ ఇన్ కాకినాడ' అని కొట్టా. మొదటి పదిలో లేదు. తర్వాతి పదిలోనూ లేదు. కేఫ్ పేరు పూర్తిగా టైప్ చేస్తే తప్ప బయటికి రాలేదు.

"మావయ్యా, ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడ నిలబడి తీశావ్?"

"ఎక్కడేంట్రా, మన కౌంటర్ దగ్గరే. ఇందాక ఒక కుర్రాడొచ్చి నా కళ్లముందే చూపించాడు."

అదీ సంగతి. కేఫ్ లోపల నిలబడి దగ్గర్లో కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే గూగుల్ మాత్రం ఏం చెప్తుంది? నువ్వు నిలబడ్డ చోటే అంటుంది. వచ్చిన కుర్రాడు ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ మనిషట. నెలకి 12,000 ఇస్తే మూడు నెలల్లో కాకినాడ మొత్తానికి నంబర్ వన్ గ్యారంటీ అన్నాడట. శాంపిల్‌కి ఇదిగో అని అక్కడే సెర్చ్ చేసి చూపించాడు.

"ఇవ్వకు మావయ్యా" అన్నా.

కాసేపు సైలెన్స్. "మొదటి నెల డబ్బులు ఫోన్‌పే చేసేశాన్రా."

మావయ్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎరువుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసి, 2022లో ఉద్యోగం మానేసి కేఫ్ పెట్టాడు. భానుగుడి సెంటర్‌కీ జేఎన్‌టీయూకీ మధ్యలో, మెయిన్ రోడ్డు మీద కాదు, ఒక సందు లోపల. మెయిన్ రోడ్డు అద్దెలు మనం మోసేవి కావు. పీఎఫ్ డబ్బులు కొన్ని, అత్తయ్య గాజుల మీద తెచ్చిన గోల్డ్ లోన్ కొంత. డికాక్షన్ అత్తయ్య చేతిది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇత్తడి ఫిల్టర్లో పొడి వేస్తుంది. పెసరట్టు పిండి కూడా ఆవిడే. మావయ్య కౌంటరు, కబుర్లు.

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత మెయిన్ రోడ్డు మీద ఏసీ, సోఫాలు ఉన్న చైన్ కేఫ్ ఒకటి తెరిచారు. సాయంత్రం స్టూడెంట్ల గుంపులు అటు మళ్లాయి. ఇక్కడ షాపు అగ్రిమెంట్ డిసెంబర్‌తో అయిపోతుంది, ఓనరు అద్దె పెంచుతానంటున్నాడు. "ఈ మూడు నెలల్లో ఏదో ఒకటి తేలకపోతే షట్టర్ దించేద్దాం" అని అత్తయ్య మా అమ్మతో ఫోన్లో అంది. ఆ మాట నాకు తెలుసని మావయ్యకి తెలీదు.

ఇక నేను. ఒక షాపింగ్ యాప్‌లో సెర్చ్ టీమ్‌లో పనిచేస్తా. జనం ఏదో వెతికితే ఏ వస్తువు పైన రావాలి, ఏది కింద ఉండాలి అని చూడటానికే నాకు జీతం. అలాంటివాణ్ని సొంత మావయ్య కేఫ్ మ్యాప్‌లో ఎలా ఉందో మూడేళ్లలో ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఆ మూడేళ్లలో నేను చేసిన సాయం ఒకటుంది. అదేంటో తర్వాత చెప్తా, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది.

శుక్రవారం రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్కి, పొద్దున్నే కాకినాడ టౌన్‌లో దిగా. నాకు దారి తెలుసు. అయినా తెలియనివాడిలా ఆటో ఎక్కి, ఫోన్లో కేఫ్ పేరు కొట్టి, మ్యాప్ చెప్పినట్టే పొమ్మన్నా. ఆటో ఆగింది. ఎదురుగా ఉన్నది కేఫ్ కాదు, ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు.

షట్టర్ తీస్తున్నాయన నన్ను చూసి నవ్వాడు. "కేఫ్ కోసమా అండీ? వెనక సందు. రోజుకి ఇద్దరు ముగ్గురు ఇలాగే వచ్చి అడుగుతారు."

మావయ్య కేఫ్ బోర్డు చేసింది ఈ షాపే. బోర్డుతో పాటు గూగుల్ ప్రొఫైల్ కూడా పెట్టిస్తానని అప్పట్లో ఇక్కడ పనిచేసే కుర్రాడు ఒకడు అన్నాడట. వాడు తన కంప్యూటర్ ముందు కూర్చుని, తన మెయిల్ ఐడీతో ప్రొఫైల్ తెరిచి, మ్యాప్‌లో గుర్తును తన షాపు మీదే వదిలేశాడు. క్యాటగిరీ అడిగితే 'రెస్టారెంట్' అని పెట్టాడు. టైమింగ్స్ అడిగితే అన్ని రోజులూ పొద్దున 6 నుంచి రాత్రి 9 అని పెట్టాడు. తర్వాత బెంగళూరు వెళ్లిపోయాడు.

మావయ్యకి ఈ సంగతి చెప్తే కౌంటర్ మీది క్యాలిక్యులేటర్ తీసుకున్నాడు. 3 ఇంటూ 365 కొట్టాడు. 1,095 వచ్చింది. దాన్ని కాసేపు చూసి, క్లియర్ నొక్కి పక్కన పెట్టేశాడు. ఏం మాట్లాడలేదు. అందరూ వెనక్కి తిరిగి వెళ్లిపోయి ఉండరులే అన్నా. ఆయన విన్నట్టు లేదు.

ఇలాంటి షాపు మీ ఇంట్లోనో, మీ ఫ్రెండ్ ఇంట్లోనో ఉంటే ముందు చూడాల్సింది ఇదే. ప్రొఫైల్ ఎవరి మెయిల్ మీద ఉంది? చాలా ఊళ్లలో ఫ్లెక్సీ కుర్రాడి మీదో, మానేసిన పనివాడి మీదో, ఏజెన్సీ మీదో ఉంటుంది. షాపు తాళంచెవి ఎవరి జేబులో ఉందో తెలీకుండా లోపల ఎంత సర్దితే ఏం లాభం?

బెంగళూరు కుర్రాడికి ఫోన్ చేశా. మంచివాడే. "అన్నా, ఆ మెయిల్ పాస్‌వర్డ్ నాకే గుర్తులేదు" అన్నాడు. ఇక రూలు ప్రకారం పోవాల్సిందే. ప్రొఫైల్లోనే ఓనర్‌షిప్ అడిగే ఆప్షన్ ఉంటుంది. మనం అడిగితే, ఇప్పుడున్న ఓనరుకి మెయిల్ వెళ్తుంది. జవాబివ్వడానికి వాళ్లకి 3 రోజులు టైముంటుంది. జవాబు రాకపోతే, షాపు మనదేనని మనమే నిరూపించుకునే దారి దొరకొచ్చు. నేను వారం రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని అక్కడే దిగిపోయా. మా మేనేజర్‌కి ఇంట్లో పనుందని చెప్పా. అబద్ధం కాదుగా.

నాలుగో రోజు వీడియో వెరిఫికేషన్ వచ్చింది. వీధి కనిపించాలి, బోర్డు కనిపించాలి, లోపల సామాను కనిపించాలి, షాపు నడిపేది మనమేనని తెలిసేట్టు తాళం తీయడంలాంటిదేదో చేసి చూపించాలి. ఎక్కడా కట్ చేయకూడదు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు. "నమస్కారం, నా పేరు..." అని మొదలుపెట్టాడు. మావయ్యా, నీ ముఖం అక్కర్లేదు, చెయ్యీ తాళంచెవీ చాలు అంటే ఆయన మనసు నొచ్చుకుంది. మూడో టేక్‌కి పని అయింది. షట్టర్ పైకి లేస్తున్న చప్పుడు ఆ వీడియోలో భలే వచ్చింది.

ఈ నాలుగు రోజుల ఖాళీలో మేం చేసిన పని ఇంకొకటుంది. సాయంత్రాలు మావయ్య స్కూటర్ మీద ఊళ్లో తిరిగాం. జేఎన్‌టీయూ గేటు దగ్గర ఆగి సెర్చ్ చేశాం. భానుగుడిలో ఆగి చేశాం. టౌన్ స్టేషన్ బయట ఆగి చేశాం. ప్రతి చోటా 'కాఫీ', 'టిఫిన్ నియర్ మీ', 'పెసరట్టు' అని మూడు మాటలు కొట్టి, ఎన్నో స్థానంలో ఉన్నామో అత్తయ్య పచారీ లెక్కలు రాసే నోటుబుక్కులో రాశాం. ఆఫీసులో ఇదే పనికి నాకు రెండు డాష్‌బోర్డులున్నాయి. స్కూటరే బాగుంది.

అప్పుడు మావయ్యకి విషయం అర్థమైంది. ఇలా దగ్గర్లోని షాపుల్ని చూపించేటప్పుడు తను ముఖ్యంగా మూడు చూస్తానని గూగులే చెప్తుంది. వెతికిన మాటకీ మీ షాపుకీ ఎంత సంబంధం ఉంది, వెతికిన మనిషికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, మీ గురించి జనానికి ఎంత తెలుసు. ఈ మూడూ కలిపి లెక్క వేస్తుంది. ఈ జాబితాలో పైకి తెస్తానని డబ్బు తీసుకోవడం లేదని కూడా గూగులే చెప్తుంది. డబ్బు కట్టి వేయించుకునే యాడ్స్ వేరు, వాటి మీద స్పాన్సర్డ్ అని రాసి ఉంటుంది.

మూడింట్లో దూరం మన చేతిలో లేదు. స్టేషన్ దగ్గర వెతికేవాడికి మనం కనిపించలేదని మావయ్య బాధపడ్డాడు. "రైలు దిగినవాడు కాఫీ కోసం నీ సందు దాకా ఎందుకొస్తాడు మావయ్యా, అక్కడే తాగేస్తాడు కదా" అన్నా. కాకినాడ మొత్తానికి నంబర్ వన్ అన్న మాట అక్కడితో పోయింది. మనకి కావాల్సింది హాస్టల్ పిల్లలూ, చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్లూ. జేఎన్‌టీయూ గేటు దగ్గర పెసరట్టు అని కొడితే మనం రావాలి. ఆ రోజు రాలేదు.

సంబంధం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. అన్నిటికన్నా ముందు క్యాటగిరీ. ప్రొఫైల్లో ఒక ముఖ్యమైన క్యాటగిరీ, దానికి తోడు ఇంకో తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. దొరికాయి కదా అని తొమ్మిదీ నింపేయకూడదు. మేం 'రెస్టారెంట్' తీసేసి 'కాఫీ షాప్' ముందు పెట్టి, తోడుగా సౌత్ ఇండియన్ రెస్టారెంట్ అని ఒక్కటే చేర్చాం. ఏజెన్సీ కుర్రాడు ఫోన్ చేసి, కేఫ్ పేరు పక్కన 'బెస్ట్ కాఫీ ఇన్ కాకినాడ' అని తగిలించమన్నాడు. అది రూల్స్‌కి విరుద్ధం. బోర్డు మీద ఏ పేరుందో ప్రొఫైల్లోనూ అదే ఉండాలి. లేకపోతే ప్రొఫైలే ఆగిపోయే ప్రమాదం ఉంది. అయినా పేరులోనే 'బెస్ట్' అని పెట్టుకున్న హోటల్లో మీరెప్పుడైనా మంచి కాఫీ తాగారా?

ఇక మూడోది, జనానికి ఎంత తెలుసు అన్నది. రివ్యూలు ఇందులోకే వస్తాయి. అసలు కథ కూడా ఇక్కడే.

నేను వెళ్లిన రెండో రోజు నుంచి కేఫ్‌కి ఫైవ్ స్టార్ రివ్యూలు టపటపా పడటం మొదలైంది. రోజుకి నాలుగు, ఆరు. వారంలో 31. మావయ్య మొహం వెలిగిపోయింది, ఒక్కొక్కటీ అత్తయ్యకి పైకి చదివి వినిపిస్తున్నాడు. "సూపర్ యాంబియెన్స్." "గుడ్ స్టాఫ్." తర్వాత ఒకటి చదివి ఆగిపోయాడు. "దమ్ బిర్యానీ అదిరింది."

అత్తయ్య వంటగదిలోంచి తొంగి చూసింది. "మనం బిర్యానీ ఎప్పుడు పెట్టాం?"

ఆ తర్వాతది ఇంకా బాగుంది. "రూమ్స్ చాలా శుభ్రంగా ఉన్నాయి, పార్కింగ్ ఫెసిలిటీ ఉంది." ఎవరో లాడ్జికి రాయాల్సింది మనకి రాసేశారు. 12,000 అటే వెళ్లాయన్నమాట. రెండు వారాలు తిరక్కుండానే వాటిలో చాలామటుకు మాయమయ్యాయి. మిగిలినవాటిని మేమే రిపోర్ట్ చేశాం. ఏజెన్సీ కుర్రాడు మావయ్య నంబర్ బ్లాక్ చేశాడు.

నేను మావయ్యకి పెద్ద లెక్చరిచ్చా. దొంగ రివ్యూలు కొనడం మోసం, చదివి వచ్చే కస్టమర్‌ని మోసగించడం, ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో చెప్తూ మన బీఐఎస్ కూడా 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణమే తెచ్చింది అని. మావయ్య తల వంచుకుని అంతా విన్నాడు. తర్వాత చాలా మామూలుగా అడిగాడు.

"మరి మీ ఆఫీసువాళ్లు పన్నెండు మంది పెట్టారు కదరా. వాళ్లెప్పుడొచ్చారు కాకినాడ?"

ముందు చెప్తానన్న సాయం ఇదే. కేఫ్ తెరిచిన కొత్తల్లో మా టీమ్ వాట్సాప్ గ్రూపులో లింక్ పడేసి "మా మామ కేఫ్, ఒక ఫైవ్ స్టార్ కొట్టండి బ్రో" అన్నా. పన్నెండు మంది కొట్టారు. వాళ్లలో ఒకడు కాన్పూర్ వాడు, గోదావరి జిల్లా వైపే రాలేదు. నేనొకటి పెట్టా. మా అమ్మ ఒకటి పెట్టింది: "మా తమ్ముడు చాలా కష్టపడి పెట్టాడు, అందరూ రండి." మొత్తం 14. ఏజెన్సీవాడు డబ్బు తీసుకుని చేశాడు, నేను ప్రేమతో చేశా. చదివి వచ్చేవాడికి రెండూ ఒకటే. సొంత వ్యాపారానికీ, ఇంట్లోవాళ్ల వ్యాపారానికీ రివ్యూ రాయకూడదన్నది గూగుల్ పాలసీలో ఉన్నదే. తెలిసి కూడా చేశా.

ఆ రాత్రి గ్రూపులో మెసేజ్ పెట్టడానికి నాకు అరగంట పట్టింది. "బ్రో, మూడేళ్ల కింద మా మామ కేఫ్‌కి పెట్టిన రివ్యూ డిలీట్ చేయండి ప్లీజ్." వెంటనే "ఏమైంది, గొడవపడ్డారా?" అని అడిగారు. కాన్పూర్ వాడు మాత్రం "ఏ కేఫ్?" అన్నాడు. అమ్మకి చెప్పడం ఇంకా కష్టమైంది. "నేను నిజమే రాశాగా? వాడు కష్టపడలేదా?" అంది. కష్టపడ్డాడమ్మా, కానీ నువ్వు వాడి అక్కవి. అది అక్కడ రాశాగా అంది. చివరికి ఎలా డిలీట్ చేయాలో వీడియో కాల్లో చూపించా.

14 పోయాయి. మిగిలినవి 23. రేటింగ్ 4.4 నుంచి 4.0కి దిగింది. ఎదురుగా ఉన్న చైన్ కేఫ్‌కి 4.3. అగ్రిమెంట్‌కి రెండు నెలలుంది. మావయ్య ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. "నువ్వు బాగు చేద్దామని వచ్చావా, ఉన్నది పోగొడదామని వచ్చావా?" అనలేదు కానీ ఆయన చెయ్యి కడుక్కున్న తీరు అలాగే ఉంది. నేనూ డాబా మీద పడుకుని చాలాసేపు అదే ఆలోచించా. ఇంకో మూడు నెలలు ఆగి చేసుండొచ్చు. ఆ 14తో ఎవరికి నష్టం జరిగింది గనక? నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఇప్పటికీ కొంచెం అలాగే ఉంది.

మర్నాడు ఆ 23నీ కూర్చుని చదివాం. అప్పటివరకు వాటిని ఎవరూ పూర్తిగా చదవలేదు. ఒకమ్మాయి పరీక్షలప్పుడు ఇక్కడే చదువుకున్నానని, రాత్రి తొమ్మిది దాటినా అంకుల్ లైట్ ఆర్పలేదని రాసింది. ఒకాయన ఉప్మా పెసరట్టు గురించి పేరా రాశాడు. ఇలాంటి మాటలకి విలువుంది. ఎవరైనా పెసరట్టు అని వెతికితే, రివ్యూల్లో ఆ మాట ఉందని ఫలితం కిందే చూపిస్తుంది ఒక్కోసారి. "సూపర్", "నైస్ ప్లేస్" అన్న ముప్పై ఒకటికి ఆ యోగం లేదు.

ఒకటి మాత్రం వన్ స్టార్. అయిదు నెలల నాటిది. ఎవరి చేతిలోనూ లాగిన్ లేదు కాబట్టి జవాబు లేకుండా అలాగే పడి ఉంది. "ఆస్పత్రిలో నైట్ డ్యూటీ దిగి నడుచుకుంటూ వచ్చాను. 6కి ఓపెన్ అని ఉంది. 7.20 వరకు బయటే నిలబడ్డాను. ఆదివారం తియ్యకపోతే తియ్యమని రాయండి."

మావయ్యకి కోపం వచ్చింది. ఆదివారం ఒక్కరోజే అత్తయ్య ఆరింటి దాకా పడుకునేది. ఆ రోజు ఎనిమిదింటికి తెరుస్తారు. రోజూ వచ్చేవాళ్లందరికీ తెలుసు. "మీ అత్తయ్య కూడా మనిషేగా? వారానికి ఒక్కరోజు పడుకోకూడదా? అదే రాస్తా" అని ఫోన్ అందుకున్నాడు.

"ఆవిడకి అత్తయ్య సంగతి తెలీదు కదా మావయ్యా. మనం ఆరని రాశాం, నమ్మి వచ్చింది."

"నేను రాయలేదు, ఫ్లెక్సీ కుర్రాడు రాశాడు."

"బోర్డు నీదేగా."

ఆయన ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాడు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూపించాడు. తెలుగులో టైప్ చేశాడు, అక్కడక్కడా ఒత్తులు ఎగిరిపోయాయి. "అమ్మా, తప్పు మాదే. ఆదివారం ఎనిమిదింటికి తెరుస్తాం. ఆ సంగతి ఇక్కడ రాయలేదు. ఇప్పుడు సరిచేశాం. డ్యూటీ దిగి అంతసేపు నిలబెట్టినందుకు బాధగా ఉంది. ఈసారి వచ్చినప్పుడు కాఫీ మా తరఫున."

చివరి వాక్యం తీసెయ్యమన్నా. రివ్యూ మార్చుకోవడానికి ఎర వేసినట్టు ఉంటుంది, రివ్యూ కోసం ఏదీ ఉచితంగా ఇవ్వకూడదన్నది రూలు. అంతకుముందే మావయ్య 'రివ్యూ పెడితే కాజా ఫ్రీ' అని అట్ట ముక్క మీద రాస్తే అదీ తీయించా. ఆయన నావైపు చూశాడు. "మన గుమ్మంలోకి వచ్చి ఇబ్బంది పడి వెళ్లిన ఆడపిల్లకి కాఫీ ఇస్తాననడం కూడా లంచమేనా?"

నాకు మాట రాలేదు. ఆయనే ఆ వాక్యం చెరిపేసి పోస్ట్ చేశాడు.

మిగతా పని ఏముందిలెండి, రెండు సాయంత్రాల్లో అయిపోయింది. మ్యాప్‌లో గుర్తు సందులోకి జరిపాం. ఆదివారం టైము మార్చాం, దీపావళికి, సంక్రాంతికి ప్రత్యేక టైములు ముందే పెట్టాం. విజిటింగ్ కార్డు మీదున్న వెబ్ అడ్రస్ నొక్కితే ఏమీ రావట్లేదు. అది గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా వచ్చే చిన్న సైటు. ఆ సైట్లన్నీ 2024 మార్చిలో ఆపేశారు. మేం ఎవరం పట్టించుకోలేదు, మావయ్య మాత్రం ఆ కార్డులు ఇంకా పంచుతూనే ఉన్నాడు. నేనే ఒక్క పేజీ సైటు రాసిచ్చా. మెనూని ఫొటోగా కాకుండా అక్షరాలుగా, తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి. ఫొటోలో ఉన్న పెసరట్టుని సెర్చ్ ఇంజిన్ చదువుతుందో లేదో దాని దయ, అక్షరాల్లో ఉన్నదాన్ని తప్పకుండా చదువుతుంది. పేజీ వెనక స్కీమా అనే చిన్న కోడ్ పెట్టా. ఇది కేఫ్, ఇది అడ్రస్, ఇవి టైమింగ్స్ అని మెషిన్‌కి అర్థమయ్యేలా చీటీలు అంటించడం లాంటిది. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి ఆ చీటీల భాష తెచ్చాయి. మీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివే తమ్ముడుంటే వాడికి ఒక పూట పని.

ఫొటోలు అత్తయ్య తీసింది. నేను తీసినవి ఆవిడకి నచ్చలేదు, "కాఫీ చల్లారిపోయినట్టుంది" అంది. పొద్దున ఏడింటి ఎండలో స్టీలు గ్లాసు మీద నురగ ఉన్న ఫొటో ఆవిడదే.

కౌంటర్ మీద రివ్యూ లింక్ ఉన్న క్యూఆర్ కోడ్ పెట్టాం. "బాగుంటే చెప్పండి, బాగోకపోయినా చెప్పండి" అని మావయ్య చేతిరాత. రెండో ముక్క ఆయన రాయనన్నాడు. సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరుకుని అడగడం కూడా కుదరదని చెప్పి రాయించా.

రెండు నెలల తర్వాత నోటుబుక్కు మళ్లీ తీశాం. జేఎన్‌టీయూ గేటు దగ్గర పెసరట్టు అని కొడితే రెండో స్థానం. కాఫీ అంటే నాలుగో అయిదో, రోజుని బట్టి మారుతోంది. పెద్ద చైన్ కేఫ్ ఇంకా మనకన్నా పైనే ఉంది, దానికి వెయ్యికి పైగా రివ్యూలున్నాయి మరి. స్టేషన్ దగ్గర అప్పుడూ లేం, ఇప్పుడూ లేం. దారి చూపించమని నొక్కినవాళ్లు ముందు నెల 19 మంది, ఈ నెల 61. అయితే మధ్యలో సెలవులైపోయి కాలేజీ తెరిచారు. అందులో ఎంత మా పనివల్ల, ఎంత కాలేజీవల్ల అని ఆఫీసులో అయితే ఒక ఎక్స్‌పెరిమెంట్ పెట్టి తేల్చేవాణ్ని. ఇక్కడ తేల్చలేను. ఫ్లెక్సీ షాపాయన మాత్రం ఇప్పుడెవరూ వచ్చి అడగట్లేదని చెప్పాడట.

అద్దె పెరిగింది, ఓనరు అడిగినంత కాదు, అందులో సగం. ఇంకో పదకొండు నెలలకి అగ్రిమెంట్ రాసుకున్నారు. అత్తయ్య గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

పోయిన సోమవారం మళ్లీ మీటింగ్ మధ్యలో మావయ్య ఫోన్. స్క్రీన్‌షాట్ కూడా వచ్చింది. ఈసారి ర్యాంకు కాదు, ఆ నర్సమ్మ రివ్యూ. వన్ స్టార్ తీసి త్రీ స్టార్ చేసింది. "టైమింగ్స్ ఇప్పుడు కరెక్ట్‌గా ఉన్నాయి. ఆదివారం ఎనిమిదింటికే తెరిచారు. కాఫీ చాలా బాగుంది. ఫ్యాన్ సౌండ్ ఎక్కువ."

"మూడేనా మావయ్యా?" అన్నా.

"మూడంటే మాటలా? నువ్వుండు, ఎలక్ట్రీషియన్ వచ్చాడు, ఫ్యాను దింపుతున్నాం" అని పెట్టేశాడు.